అంబులెన్స్ రావడానికి 38 నిమిషాలు ఎందుకు పట్టింది? బండి కోసం ఆగాలా, ఆటో ఎక్కించాలా?

మీ ప్రశ్న ఇదీ. మందస మండలంలో మీ ఊరు. తెల్లవారుజామున మీ నాన్నగారికి గుండెల్లో నొప్పి వస్తే అంబులెన్స్‌కు ఫోన్ చేశారు, బండి 38 నిమిషాలకు వచ్చింది. పల్లెల్లో 20 నిమిషాల్లో రావాలని ఎక్కడో చదివారు కదా, మరి ఈ ఆలస్యం ఎందుకు అన్నది ఒకటి. ఇంకోసారి ఇలా జరిగితే బండి కోసం ఆగాలా, ఆటోలో వేసుకుని బయల్దేరాలా అన్నది రెండోది. పెద్దాయన కోలుకుని ఇంటికొచ్చారని చివర్లో రాశారు. అది చదివాక మనసు కుదుటపడి ఈ జవాబు రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 108లో ఈఎంటీగా పదమూడేళ్లు తిరిగాను. ఈఎంటీ అంటే బండి వెనక పేషెంట్ పక్కన కూర్చునేవాడు. డ్రైవర్ని మేం పైలట్ అంటాం. మీ కేసులో ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు, అందుకని ఫలానావాళ్లది తప్పని చెప్పను. కానీ 38 నిమిషాలు ఎలా కరిగిపోతాయో మాత్రం బాగా తెలుసు.

ముందు ఆ 20 నిమిషాల సంగతి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 బండ్లు కలిపి 1088 ఒక్కసారే జెండా ఊపి వదిలారు. అప్పుడు చెప్పిన లెక్క: పట్నాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30. ఇలాంటి లెక్కను సగటుతో కొలిస్తే ఒక చిక్కుంది. ఒక బండికి పది కాల్స్ వచ్చాయనుకోండి. ఏడు మండల కేంద్రం చుట్టుపక్కలవి, ఒక్కోదానికి 8 నిమిషాల్లో చేరారు. మూడు చివరి ఊళ్లవి, ఒక్కోదానికి 40 నిమిషాలు పట్టింది. మొత్తం 176 నిమిషాలు, సగటున 17.6. కాగితం మీద 20 లోపే ఉంది, అంతా బాగున్నట్టే. ఆ చివరి ఊళ్లవాళ్లు ముగ్గురూ 40 నిమిషాలు గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన సంగతి అందులో ఎక్కడా కనపడదు. అందుకే ఈ రంగం తెలిసినవాళ్లు సగటుతో ఆగరు, పదిలో తొమ్మిది కాల్స్‌కు ఎంతలో చేరారని అడుగుతారు. ఇంగ్లండ్‌లో ఈ రెండూ లెక్క కడతారు. అక్కడ గుండె ఆగినవాళ్లకు సగటున 7 నిమిషాల్లో చేరాలి, పదిలో తొమ్మిది కాల్స్‌కు 15 నిమిషాల్లోపు చేరాలి. గుండెనొప్పి, పక్షవాతం రెండో వర్గం. వాటికి సగటు లక్ష్యం 18 నిమిషాలు. అవును, అక్కడా 18. ఇది చెబితే మనవాళ్లు నమ్మరు.

ఇంకో చిక్కు, గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది. మా లెక్కలో ఫోన్ వచ్చినప్పుడు మొదలై, బండి సంఘటన స్థలం చేరిందని మేం ట్యాబ్‌లో నొక్కినప్పుడు ఆగుతుంది. పేషెంట్ గడియారం వేరు. అది నొప్పి మొదలైనప్పుడు మొదలవుతుంది, ఒక మనిషి చేయి వచ్చి తన ఒంటి మీద పడేదాకా ఆగదు.

ఈ తేడా నాకు సాలూరు పైనున్న కొండల్లో తెలిసొచ్చింది. అప్పటికింకా అది విజయనగరం జిల్లాలోనే ఉంది, మన్యం జిల్లా 2022లో కదా వచ్చింది. రాత్రి తొమ్మిది దాటాక నొప్పులు పడుతున్న గర్భిణి కోసం కాల్ వచ్చింది. బండి బాగానే ఉరికింది. 26 నిమిషాలకు తారు రోడ్డు అయిపోయిన చోట ఆగాం. అక్కడి నుంచి పైకి బండి పోదు. ట్యాబ్‌లో నొక్కాను, 26 నిమిషాలు, ఏజెన్సీ లక్ష్యం లోపే. తర్వాత ఇంజిన్ ఆపేసి కూర్చున్నాం. చీకటి, కీచురాళ్ల చప్పుడు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. పైలట్ కొండ వైపు చూస్తూ బీడీ మీద బీడీ కాల్చాడు. రెండున్నర గంటలకు పైన ఎక్కడో రెండు మూడు లైట్లు కదిలాయి. అవి కిందికి దిగి మా దాకా రావడానికి ఇంకో అరగంట. డోలీ. వెదురు గడకు దుప్పటి కట్టి, ముందొకడు వెనకొకడు, మార్చుకోవడానికి పక్కన ఇంకో నలుగురు. ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఉంది, ఒక్క మాట లేదు. సాలూరు చేరకుండానే బండిలోనే కాన్పయింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ కేసు షీట్ ఇప్పుడు తీసినా 'చేరడానికి పట్టిన సమయం 26 నిమిషాలు' అనే ఉంటుంది. అబద్ధం కాదు. కానీ ఆ పిల్లకు మేం దొరికింది మూడు గంటల తర్వాత.

అలాంటి చోట బండ్లు పెంచినా పెద్దగా కలిసిరాదు. కొండదారుల్లో దూరగలిగే బైక్ అంబులెన్స్‌లు, ఫీడర్ అంబులెన్స్‌లు అంటారే, అవి 2018లో ఏజెన్సీకి వచ్చాయి. బాట ఉన్నంతవరకు పనికొచ్చాయి. నా లెక్కలో అంతకంటే మంచి పని సాలూరులో గిరిజన గర్భిణులకు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టిన వసతి గృహం. కాన్పు తేదీకి కొన్ని వారాల ముందే కొండ దించి అక్కడ ఉంచుతారు. నొప్పులు వచ్చేసరికే మనిషి రోడ్డు మీద, ఆసుపత్రి పక్కన ఉంటుంది. డోలీ మోసే పనే ఉండదు.

మీది కొండ కాదు కాబట్టి మీ ఊరి సంగతికి వస్తాను.

మీకు 38 నిమిషాలు పట్టిందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఒక్కటే, మీ మండలం బండి ఆ సమయానికి మండలంలో లేదు. జాతీయ ఆరోగ్య మిషన్ కొలత ప్రకారం లక్ష జనాభాకు ఒక మామూలు అంబులెన్స్, ఐదు లక్షలకు వెంటిలేటర్ ఉన్న పెద్ద అంబులెన్స్ ఒకటి. అంటే సుమారుగా మండలానికి ఒకటి. ఆ ఒక్క బండి పలాస నుంచి ఒక పేషెంటును శ్రీకాకుళం రిమ్స్‌కు తీసుకెళ్లిందనుకోండి. పోను 75 కిలోమీటర్ల పైనే, రాను అంతే. మధ్యలో పేషెంటును అప్పజెప్పాలి, స్ట్రెచర్ కడగాలి, ఆక్సిజన్ చూసుకోవాలి, షీట్ రాయాలి. మూడున్నర నాలుగు గంటలు హుష్. రిమ్స్ నుంచి విశాఖ కేజీహెచ్‌కు రాశారంటే ఇక ఆ పూట గోవిందా. ఆ నాలుగు గంటల్లో మీ ఊరి నుంచి ఫోన్ వస్తే పక్క మండలం బండిని పంపుతారు. అది 25 కిలోమీటర్ల అవతల ఉంటుంది. పల్లె రోడ్లలో సగటున గంటకు 45 కిలోమీటర్ల వేగం పడితే గొప్ప, అంటే దారికే 33 నిమిషాలు. పైన ఫోన్‌లో వివరాలకు రెండు నిమిషాలు, రాత్రి కునుకు తీస్తున్నవాడు లేచి బండి తీయడానికి రెండు నిమిషాలు. 37. మీ లెక్కకు ఒక్క నిమిషం తక్కువ.

ఆసుపత్రి దగ్గర పోయే సమయం బయటివాళ్లకు తెలియదు. పేరు చెప్పను, ఒక పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ మంచాలన్నీ నిండిపోయి మా స్ట్రెచర్ మీదే పేషెంటును గంటంపావు ఉంచారు. స్ట్రెచర్ లేకుండా బండి కదలదు. ఆ గంటంపావులో మా మండలం నుంచి రెండు కాల్స్ వచ్చి వేరే బండ్లకు మళ్లాయి. అక్కడి నర్సమ్మనూ అనలేను, ఆవిడ ఒక్కతే పదకొండు మందిని చూస్తోంది.

వేగంగా తోలితే సరిపోదా అని అడుగుతారు. పది కిలోమీటర్ల దారిలో 60 వేగంతో పోతే పది నిమిషాలు, 80తో పోతే ఏడున్నర. మిగిలేది రెండున్నర నిమిషాలు. దానికోసం ఆవులు, వడ్లు ఆరబోసిన రోడ్డు, మలుపులో ఎదురొచ్చే ట్రాక్టర్, వీటన్నిటితో జూదం ఆడాలి. కుయ్ కుయ్ మని మోగించుకుంటూ పోతే జనానికి ధైర్యంగా ఉంటుంది గానీ దానివల్ల మిగిలే నిమిషాలు మీరనుకున్నన్ని ఉండవు. రైల్వే గేటు పడితే ఏ సైరనూ పనిచేయదు. విజయనగరంలో పైడితల్లి సిరిమాను రోజున మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు, ఆ రోజు వేగం మాటే ఎత్తకూడదు. ముందే బండిని జనం అంచున సరైన చోట నిలబెట్టుకోవాలి. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు 11న మీ వైపు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి. టవర్లు పోయాయి, కాల్స్ వచ్చే దారే లేదు. ఆ వారం బండిలో గొడ్డలి, మోకు కూడా పెట్టుకుని తిరిగాం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మీ చేతిలో లేనివి. ఇప్పుడు చెప్పబోయేవి మీ చేతిలో ఉన్నవి.

ఫోన్ చేయడానికి ముందు పోయే సమయం అన్నిటికంటే పెద్దది. గుండెనొప్పి కేసులో ఎక్కగానే నేను అడిగే మొదటి ప్రశ్న 'ఎప్పట్నుంచి?'. 'ఇప్పుడే బాబూ' అంటారు. మళ్లీ అడిగితే రాత్రి భోజనం అయిన దగ్గర్నుంచి. గ్యాస్ అనుకుని వాము నమిలారు, సోడా తాగారు, పెద్దకోడలు నూనె రాసింది, ఆర్ఎంపీ వచ్చి ఒక సూది వేశాడు, విశాఖలో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు, వాడు తెలిసిన డాక్టర్ని అడిగి చెబుతానన్నాడు. ఇవన్నీ అయ్యాక 108. రెండున్నర గంటలు ఇంట్లో గడిపినవాళ్లు కూడా మా ముప్పై నిమిషాల మీద కేకలు వేస్తారు. వేయనివ్వండి, భయంలో ఉన్నవాళ్లు. కానీ మీరు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి: నలభై దాటినవాళ్లకు ఛాతీ మధ్యలో బరువు, చెమట, ఎడమచేయికో దవడకో పాకిన నొప్పి ఉంటే ముందు ఫోన్, తర్వాతే వాము. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, చెమటతోనే రావచ్చు.

తర్వాతది అడ్రస్. మన దగ్గర ఇదొక పెద్ద కథ. 'ఎక్కడండీ?' 'రామాలయం దగ్గర.' రామాలయం లేని ఊరేది మనకు? ఊరి పేర్లయితే పేటలు, వలసలు, పురాలు, పుట్టుగలు. ఒకే పేరుతో రెండు మూడు మండలాల్లో ఊళ్లుంటాయి. ఒకసారి మేం సరైన పేరున్న ఊరికే వెళ్లాం, రామాలయం దగ్గరే ఆగాం, అరుగు మీద ఇద్దరు ముసలాళ్లు చుట్ట కాలుస్తున్నారు. 'ఇక్కడెవులికీ బాగోలేదు బావూ' అన్నారు. ఆ ఊరు వేరే మండలంలోది. ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు. అందుకని ఫోన్‌లో మండలం పేరు మొదట చెప్పండి, తర్వాత పంచాయతీ, తర్వాత ఊరు. ఆపైన ఏ పెద్ద రోడ్డు మీంచి ఎక్కడ ఎటు తిరగాలో చెప్పండి. పాతపట్నం లాంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో తమాషా ఉంది. ఫోన్ ఒడిశా టవర్ పట్టుకుందంటే కాల్ అటువైపు పోతుంది, ఎత్తినవాళ్లు ఒడియాలో మాట్లాడతారు. కంగారుపడి పెట్టేయకండి. ఊరు, జిల్లా చెప్పండి, లేదా నాలుగడుగులు వేసి వేరే ఫోన్‌తో చేయండి. మహేంద్రగిరి దిగువన మీ వైపు ఊళ్లలోనూ ఇది జరగవచ్చు.

బండి కేటాయించాక ఈఎంటీ మీ నంబరుకు ఫోన్ చేస్తాడు. సరిగ్గా అప్పుడే ఆ ఫోన్ ఎంగేజ్ వస్తుంది. బావకు, మేనమామకు, అమెరికాలో ఉన్న మరదలికి కబురు చెబుతుంటారు. ఆ ఒక్క ఫోన్‌ను వదిలేయండి, చుట్టాలకు వేరే ఫోన్‌తో చెప్పుకోండి. ఒక కుర్రాణ్ణి బైక్ ఇచ్చి రోడ్డు మలుపు దగ్గర లైటు వేసి నిలబెట్టండి. రాత్రిపూట దీనికి మించిన సాయం లేదు. మా చూపు గూగుల్ మ్యాప్ మీద ఉండదు, ఆ హెడ్‌లైట్ మీద ఉంటుంది. కుక్కను కట్టేయండి, నవ్వకండి, కుక్క వల్ల నేను మూడు నిమిషాలు గేటు బయట నిలబడ్డాను. మన పాత ఇళ్ల నడవల్లో స్ట్రెచర్ తిరగదు, మేం దుప్పట్లో పెట్టి మోసుకొస్తాం. మేం వచ్చేలోపు దారిలో ఉన్న సైకిళ్లు, ధాన్యం బస్తాలు పక్కకు జరిపితే చాలు.

ఇక అసలు ప్రశ్న, ఆగాలా, బయల్దేరాలా. దీనికి ఒకటే జవాబు లేదు, జబ్బును బట్టి ఉంటుంది.

మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే ఆటో ఎక్కించకండి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. విదేశాల్లో 8 నిమిషాల్లో అంబులెన్స్ చేరాలన్న మాట ఇలాంటి కేసుల నుంచే పుట్టింది. సియాటిల్ ప్రాంతంలో గుండె ఆగినవాళ్ల మీద 1979లో వచ్చిన పరిశీలనలో, 4 నిమిషాల్లోపు సీపీఆర్ (ఛాతీ నొక్కడం), 8 నిమిషాల్లోపు పూర్తి వైద్యం అందినవాళ్లే ఎక్కువగా బతికారని తేలింది. మన పల్లెకు 8 నిమిషాల్లో ఏ బండీ రాదు. రాగలిగింది పక్కనున్న మీరే. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా నొక్కుతూనే ఉండాలి. అలసిపోతే పక్కవాడు అందుకోవాలి. ఫోన్ స్పీకర్లో పెట్టండి, అవతలివాళ్లు ఎలా చేయాలో చెబుతారు. ఆటోలో ఇది కుదరదు.

రోడ్డు ప్రమాదాల్లోనూ ఆగడమే మేలు. జాతీయ రహదారి మీద, మెడ విరిగిన మనిషిని నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో మడిచి పెట్టడం చూశాను. బతికాడు, కాళ్లు మాత్రం పోయాయి. మంటలు రేగితేనో, ఇంకో లారీ గుద్దుతుందన్న భయం ఉంటేనో తప్ప కదపకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పోలీసు గొడవ అని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఆ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. సాయం చేసినవాణ్ణి వేధించకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. అదే చట్టంలో అంబులెన్స్‌కు దారి ఇవ్వనివాడికి 10,000 రూపాయల జరిమానా కూడా ఉంది.

పాము కాటుకు మాత్రం కాలయాపన వద్దు. ఫోన్ చేయండి, బండి దూరంలో ఉందంటే కాటు పడిన కాలో చేయో కదలకుండా కట్టి, దొరికిన వాహనంలో యాంటీ వెనమ్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి పదండి. మనిషి తెలివిలో ఉంటే బైక్ మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకున్నా తప్పు లేదు. నేపాల్ తెరాయి ఊళ్లలో కుర్రాళ్ల బైకుల మీద ఇలా తరలించే ఏర్పాటు పెట్టాక పాము కాటు చావులు బాగా తగ్గాయి. తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. కట్లపాము కాటుకు నొప్పి కూడా ఉండదు. రెప్పలు వాలిపోతుంటే అప్పటికే విషం ఎక్కిందన్నమాట.

నోరు వంకర పోవడం, ఒక పక్క చేయి పడిపోవడం, మాట తడబడటం అయితే గడ్డ కరిగించే మందుకు 4.5 గంటలే గడువు. అదీ సీటీ స్కాన్ తీశాకే ఇస్తారు. కాబట్టి పీహెచ్‌సీకి వెళ్లి అక్కడ ఒక గంట పోగొట్టుకోకండి, స్కాన్ ఉన్నచోటికే పోవాలి. కాన్పులు, అందులోనూ రెండో కాన్పు అయితే, నొప్పులు దగ్గరపడేదాకా ఆగకుండా ముందే ఫోన్ చేయండి. అంతకంటే చెప్పనక్కర్లేదు, మీ ఆశ కార్యకర్తకు నాకంటే బాగా తెలుసు.

మీ నాన్నగారిది తెలివిలో ఉన్న గుండెనొప్పి. ఇక్కడే అందరూ తడబడతారు. ఫోన్ చేయగానే ఒక్కటే అడగండి, 'బండి ఎక్కడ ఉంది, ఎంతసేపట్లో వస్తుంది?' ఇరవై నిమిషాల లోపు అంటే ఆగండి, అందులో ఆక్సిజన్ ఉంది, గుండె ఆగితే షాక్ ఇచ్చే మిషను ఉంది, చూసే మనిషి ఉన్నాడు. నలభై అంటే, మీ దగ్గర కారు ఉండి, ఈసీజీ తీసే ఆసుపత్రికి అంతకంటే ముందు చేరగలిగితే బయల్దేరండి. బైక్ వద్దు, నడిపించొద్దు, మెట్లెక్కించొద్దు. ఆస్పిరిన్ నమలమనాలా అన్నది ఫోన్‌లో ఉన్న డాక్టర్ని అడిగే చేయండి. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను ఇప్పుడు ఏరియా ఆసుపత్రి స్థాయిలోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రాష్ట్రంలో వచ్చింది. మీకు దగ్గరగా అది ఎక్కడ ఇస్తున్నారో బాగున్న రోజునే వెళ్లి కనుక్కోండి.

బయల్దేరితే ఒక్క పని మరవకండి. మేం వస్తున్న దారినే రండి, వస్తున్నామని ఈఎంటీకి చెప్పండి. దీని గురించి ఒకటి చెప్పి ముగిస్తాను.

టెక్కలికి అవతల ఒక ఊరు. ఉదయం ఆరు దాటింది. యాభై రెండేళ్ల మనిషికి గుండెనొప్పి. వెళ్తుంటే సన్నటి రోడ్డు మీద ఎదురుగా ఒక ఆటో వచ్చింది. మా సైరన్ విని మర్యాదగా చేలోకి దిగి దారి ఇచ్చింది. వెనక ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో గళ్ల లుంగీ కట్టుకున్న మనిషెవరో పడుకుని ఉన్నాడు. చూశాను. ఆ క్షణంలో బుర్రకు తట్టలేదు. ఊళ్లో ఇంటి ముందు నులక మంచం ఖాళీగా ఉంది, పక్కన సగం తాగిన సోడా బుడ్డి. ఒక ముసలమ్మ చెప్పింది, 'ఇప్పుడే ఆటోలో ఏసుకుని ఎల్లిపోనారు బావూ, మీరు రారేమోనని.' ఫోన్ చేశాం, ఎంగేజ్. వెనక్కి తిప్పి తరుముకుంటూ పోయాం. ఆసుపత్రి గేటు దగ్గర ఆ ఆటో ఆగి ఉంది. దారిలోనే పోయాడు. షాక్ మిషను నా కాళ్ల దగ్గరే ఉంది. మేం ఒకరినొకరం రెండు గజాల దూరంలో దాటుకుని పోయాం. పైలట్ చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు. 'మనకి దారిచ్చింది ఆ ఆటోయే కదన్నా' అన్నాడు.

మీరు హైదరాబాద్‌లో ఉంటారని రాశారు కాబట్టి ఈ రాత్రే మీ అమ్మగారికి ఫోన్ చేయండి. 108 వాళ్లు అడిగినట్టు మీరు అడగండి, ఆవిడ చేత మండలం, పంచాయతీ, ఊరు, ఏ రోడ్డు మీంచి ఎటు తిరగాలో చెప్పించండి. రెండు మూడుసార్లు చెప్పించండి. ఆ ముక్కలే ఒక కాగితం మీద రాయించి ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించమనండి. పక్కింట్లో కారున్నవాళ్ల నంబరు, రోడ్డు మీద బైక్ లైటు వేసి నిలబడే కుర్రాడి నంబరు కూడా. రామాలయం దగ్గర అంటే మాత్రం ఒప్పుకోకండి.